ముత్తమ్మ ముట్టని పప్పు

నాకు సంతకం పెట్టడం వరకే వచ్చు. నేను చెబుతుంటే మా చెల్లెలి కోడలు రాస్తోంది. నా నోరు మంచిది కాదు, మధ్యలో తిట్లు వస్తాయి. అవి వదిలేస్తానంటోంది. తిట్లు వదిలేసుకో గానీ ముత్తమ్మ సంగతి ఒక్క ముక్క కూడా వదలొద్దని ఒట్టు వేయించుకున్నాను.

నా పేరు మార్తమ్మ. మాది ఏన్కూరు దగ్గర పల్లె. మా ఆయన ట్రాక్టర్ తిరగబడి పోయిన మరుసటి ఏడాది, జూలూరుపాడు దాటాక అడవి అంచున ఉన్న సర్కారు దవాఖానాలో ఆయాగా చేరాను. నడుము వంగేదాకా అక్కడే చేశాను. జీతమెంత, పర్మినెంట్ ఎప్పుడు, ఏ ఆఫీసు ముందు ఎంతసేపు కూర్చున్నాను, ఇవన్నీ మీకు వేరేవాళ్ళు చెబుతారు. కొత్తగా ఈ పనిలోకి వచ్చే ఆడపిల్లలకు ఎవరూ చెప్పనిది నేను చెబుతాను.

ఆయా అంటే బకెట్టు, చీపురు అనుకుంటారు. అవీ ఉంటాయి, లేవనను. కానీ అసలు ఆయా అంటే రోగి ఒంటిని ముట్టుకునే మనిషి. డాక్టరు చూసి పోతాడు, సిస్టరు సూది వేసి పోతుంది. లేపి కూర్చోబెట్టేది, కడిగేది, తల దువ్వేది మనమే. కాన్పు నొప్పుల్లో గోళ్ళు దిగేది మన చేతిలోనే. పోయినవాళ్ళ కళ్ళు మూసేదీ మనమే. ఈ పనికి చదువు లేదు, పుస్తకం లేదు. అందుకే మనల్ని ఎవరూ ఏమీ అడగరు, మనకు ఎవరూ ఏమీ చెప్పరు.

చెప్పి ముట్టుకో

నేను చేరిన కొత్తలో మా పెద్దసిస్టరు ఒకామె ఉండేది. మనిషి మెతక కాదు. ఒక ముసలాయన పక్కబట్ట మార్చమంటే, నేను గబుక్కున వెళ్ళి ఆయన కిందనుంచి దుప్పటి లాగాను. ఆయన బెదిరిపోయి మంచం పట్టీ పట్టుకున్నాడు. పెద్దసిస్టరు వచ్చి నా చేతి మీద చటుక్కున ఒకటి వేసింది.

"ఏమే, ఆయనేమన్నా వడ్ల బస్తానా? చెప్పి ముట్టుకో. తాతా, నిన్ను ఇట్ల తిప్పుతున్న అని చెప్పు. వినపడకపోతే మళ్ళ చెప్పు. సగం మనిషి భయంతోటే సస్తడు."

ఆ దెబ్బ నాకు మేలు చేసింది. అప్పటినుంచి స్పృహ లేనివాళ్ళకు కూడా చెప్పే ముట్టుకున్నాను. చచ్చిపోయినవాళ్ళకు స్నానం చేయిస్తూ కూడా, "అవ్వా, చెయ్యి లేపుతున్న" అనేదాన్ని. తోటి ఆయాలు నవ్వేవాళ్ళు. నవ్వనీ.

ఇంతకాలం చేసిన అలవాటు కరోనాలో ఎటు పోయిందో నాకు తెలియదు. అదే నాకు ఇప్పటికీ నమ్మబుద్ధి కానిది.

మొహాలు లేని మనుషులు

రెండోసారి రోగం ఎగబడ్డ ఎండాకాలం అది. మొదటిసారి మా అడవి ఊళ్ళ దాకా పెద్దగా రాలేదు. రెండోసారి మాత్రం ఇల్లిల్లూ తిరిగింది. కోయగూడేల్లో ఒక్కటే గది ఇళ్ళు. జ్వరమొచ్చిన ముసలివాళ్ళను విడిగా ఉంచే చోటు లేదని, సెలవుల్లో ఖాళీగా ఉన్న బడిపిల్లల హాస్టలును దవాఖానా చేశారు. ఒక హాలు ఆడవాళ్ళకు, ఒక హాలు మగవాళ్ళకు. అరవై దాటినవాళ్ళే ఎక్కువ. నన్ను అక్కడ వేశారు.

పిల్లల మంచాలు. పొడుగు మనిషి కాళ్ళు బయటికి వచ్చేవి. కింద పడుకునే అలవాటున్న వాళ్ళు మంచం మీద నిద్రపట్టక, ఎవరూ లేనప్పుడు దిగి గచ్చు మీద పడుకునేవాళ్ళు. సూపర్వైజర్ సారు వచ్చి లేపి మళ్ళీ ఎక్కించేవాడు. ఫ్యాన్ మీద పడుతుందేమోనని ఒకామె తలకాయ కింద కాకుండా మీద దిండు పెట్టుకునేది. చేతికర్రలకు కూడా రోగం అంటుతుందని గేటు దగ్గరే తీసేసుకున్నారు. కర్ర లేక లేవడం మానేసినవాళ్ళు ఉన్నారు. చుట్ట లేదు, ఆకు లేదు, సూర్యుడు ఎటు పొడుస్తున్నాడో తెలియదు. కిటికీలకు చువ్వలు, చువ్వల అవతల టేకు చెట్లు. అంతే.

మేమేమో నెత్తినుంచి కాళ్ళదాకా తెల్ల కిట్టు తొడిగి, మూతికి రెండు మాస్కులు, కళ్ళకు అద్దం. ఎవరు డాక్టరమ్మ, ఎవరు ఆయా, ఎవరు చెత్త తీసుకెళ్ళే మనిషి, ఏమీ తేడా లేదు. లోపల చెమట కారి చెప్పుల్లో పడేది. మాట బయటికి వచ్చేది కాదు. అందుకని మాటలే తగ్గించేశాం. చేత్తో సైగ చేసేవాళ్ళం. తిను, లే, తిరుగు. పేర్లు పోయి మంచం నంబర్లు వచ్చాయి.

మా డాక్టరమ్మ చిన్నపిల్ల, చదువు అయిపోగానే వచ్చింది. మంచి మనిషి. నిద్ర లేక కళ్ళు ఎర్రగా ఉండేవి. ప్రాణం నిలబెడితే చాలు అని ఆమె అనుకుంది, నేనూ అనుకున్నాను. తప్పు పట్టడానికి లేదు. రోజూ ఎక్కడో ఎవరో పోతుంటే ఇంకేం అనుకుంటాం?

అక్కాతమ్ముళ్ళు

కోయ ముసలమ్మ ముత్తమ్మ, ఆమె తమ్ముడు జోగయ్య ఒకే ఆటోలో వచ్చారు. ముత్తమ్మకు జ్వరం, ఆయాసం. జోగయ్యకు ఒట్టి దగ్గు. ఆమెను ఆడవాళ్ళ హాలులో, ఆయన్ను మగవాళ్ళ హాలులో వేశాం. ముత్తమ్మకు పిల్లల్లేరు, మొగుడు ఎప్పుడో పోయాడు, తమ్ముడి ఇంట్లోనే ఉంటుంది. జోగయ్య వాళ్ళ ఊరికి పూజారి. ఆ ఊళ్ళో పండుగైనా, విత్తనమైనా ఆయన చెయ్యి పడ్డాకే.

వాళ్ళను దింపేటప్పుడు సూపర్వైజర్ సారు గేటు దగ్గర నిలబడి అడిగాడు. "మీ ఊర్ల పండుగ గిట్ల చేసిన్రా? నిజం చెప్పున్రి. గుంపు చేస్తే కేసు అయితది."

అప్పటికే మైకు ఆటో ఊరూరూ తిరిగి, జాతర చేస్తే కేసు, పండుగ చేస్తే కేసు అని చెప్పిపోయింది. జోగయ్య తల అడ్డంగా ఊపాడు. "చెయ్యలె సారూ. ఏది చెయ్యలె."

ఆ మాట ఆయన చెప్పిన తీరు నేను విన్నాను. బడాయిగా చెప్పినట్టు లేదు, ఏదో పోగొట్టుకున్నవాడు చెప్పినట్టు ఉంది. కానీ నేను ఆగలేదు. వెనక ఇంకో ఆటో వచ్చింది.

కలిపి పంపిన అన్నం

హాస్టల్లో వండేవాళ్ళు ఆ చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళే. రోగానికి భయపడి వాళ్ళు రావడం మానేశారు. అందుకని టౌనులో వండించి, పొట్లాలు కట్టించి వ్యానులో పంపేవాళ్ళు. ఆ దాత ఎవరో గానీ మనసున్న మనిషి. కరోనాలో నోరు చచ్చిపోతుంది, పులుపు తగిలితే ముద్ద దిగుతుందని ఎవరో చెప్పారట. మామిడికాయల కాలం. మధ్యాహ్నం మామిడికాయ పప్పు, సాయంత్రం మామిడికాయ పులిహోర, పొద్దున ఉప్మా మీద మామిడికాయ పచ్చడి. ముసలివాళ్ళు వణికే చేతులతో కలుపుకోలేరని పప్పన్నం కలిపే పంపేవాళ్ళు. పైన నెయ్యి కూడా.

తినేవాళ్ళు ఇష్టంగా తిన్నారు. పెనుబల్లి నుంచి వెంకటనర్సయ్య అని కిరాణా కొట్టు ఆయన ఉండేవాడు, జోగయ్య పక్క మంచం. ఊళ్ళో ఉన్నప్పుడు బీపీ అని కోడలు ఉప్పు తగ్గించిందట. ఇక్కడ ఎవరూ అడ్డు లేరు. నేను పొట్లం విప్పితే చాలు, "ఆయమ్మా, ఈ రోగమేదో ముందే రాకపాయె. ఇట్లాంటి పప్పు తిని ఎన్నేళ్ళాయె" అనేవాడు. హాలంతా నవ్వేది.

ముత్తమ్మ తినేది కాదు.

మొదట ఆయాసం వల్ల అనుకున్నాం. తర్వాత జ్వరం తగ్గింది, ఊపిరి కుదుటపడింది, వేలికి పెట్టే మిషన్ కూడా బాగానే చూపించింది. అయినా పొట్లం అలాగే ఉండేది. ఉప్మా అయితే పచ్చడి తగలని మూల నుంచి ఇంత గిల్లి నోట్లో వేసుకునేది. "పిల్ల లెక్క ఏరుతున్నవేంది అవ్వా?" అని కోప్పడ్డాను. నా వంక చూసింది. నా అద్దం వంక చూసింది అనాలి.

పాలు పెడితే చెయ్యి అడ్డం పెట్టింది. "అయి దూడయి బిడ్డా" అంది. అక్కడ అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ కోయవాళ్ళలో పాతతరం వాళ్ళు పాలు తాగరు, ఆవు పాలు దూడవే అంటారు. అది నాకు తెలుసు. అది తెలిసినదాన్ని, మిగతా తిండికి కూడా వాళ్ళ కట్టుబాటు వాళ్ళకు ఉంటుందని పక్కనే ఉన్న రెండో ముక్క ఎందుకు తట్టలేదో! అరటిపండు ఇస్తే ఒక కొస గిల్లుకుని మిగతాది, గుడ్డయితే మొత్తం కొంగులో పెట్టుకుని, "మా తమ్మునికియ్యి" అనేది. నోట్లో పళ్ళు లేవు, గుడ్డు నమలలేదు. ఒక హాలుది ఇంకో హాలుకు తీసుకెళ్ళకూడదు. అవన్నీ నేను చెత్తబుట్టలో వేశాను.

జోగయ్య అంత అధ్వాన్నంగా లేడు. గుడ్డు తినేవాడు, అరటిపండు తినేవాడు. పొట్లం మాత్రం ముట్టేవాడు కాదు. వెంకటనర్సయ్య దాన్ని చూసి నొచ్చుకునేవాడు. "నెయ్యి పోసిన పప్పు వదిలిపెడితే పాపం తగుల్తదయ్యా" అనేవాడు. జోగయ్య గోడ వైపు తిరిగి పడుకునేవాడు.

డాక్టరమ్మ ముత్తమ్మకు గ్లూకోజు ఎక్కించింది. నరం దొరికేది కాదు, ఎండిపోయిన వెదురులా ఉండేది చెయ్యి. పెద్దాసుపత్రికి పంపుదామని కొత్తగూడెం, ఖమ్మం రెండు చోట్లకూ ఫోన్లు చేసింది. మంచాల్లేవు. వాసన తెలియక, రుచి తెలియక ఆకలి చచ్చిపోయింది, ఈ రోగంలో ఇట్లాగే అవుతుంది అని మాకు మేమే చెప్పుకున్నాం. రోగానికి ఒక పేరు ఉంటే అన్నిటినీ దాని మీద వేసేయడం తేలిక. ఇది గుర్తుపెట్టుకోండి.

ఒక మధ్యాహ్నం పొట్లం విప్పి ముద్ద చేసి ఆమె పెదవుల దగ్గర పెట్టాను. బతిమాలాను. "ఒక్క ముద్ద అవ్వా, నా కోసం." నోరు బిగపట్టింది. నేను కొంచెం గట్టిగానే నొక్కాను. పప్పు పెదవి మీద అంటింది. ఆమె కొంగుతో తుడుచుకుంది. ఒకసారి కాదు, తుడిచిందే తుడిచింది. కోయమాటలో ఏదో గొణిగింది. తిడుతోందనుకున్నాను.

ఆ తర్వాత ఒక పొద్దుటిపూట, నేను పక్క మంచం ఆమెకు తల దువ్వుతుంటే, ముత్తమ్మ ఊపిరి ఆగిపోయింది. చప్పుడు కూడా లేదు. నేను నోట్లో నీళ్ళు పోశాను. ఆ ఒక్క పని చేశాను.

కిటికీ దగ్గర

శవాన్ని ఇంటికి ఇవ్వరు. సంచిలో చుట్టి, జేసీబీతో తవ్వించిన గుంటలో పెట్టారు. హాస్టల్ వెనకే, కిటికీలోంచి కనపడే జాగా. జోగయ్య చువ్వలు పట్టుకుని నిలబడ్డాడు. బయటికి పంపమని ఒక్కసారి అడిగాడు. కుదరదన్నారు. మళ్ళీ అడగలేదు. మట్టి కప్పేసి మిషన్ వెనక్కి తిరిగినా ఆయన కదలలేదు. వెంకటనర్సయ్య లేచి వెళ్ళి ఆయన పక్కన నిలబడ్డాడు.

నేను పోయి చెప్పాను. "తాతా, అవ్వ నోట్లె నీళ్ళు పోసిన."

"మంచిది" అన్నాడు. తర్వాత అడిగాడు. "ఆ తిండి నోట్లెకు పోలేదు గదా?"

నాకు అర్థం కాలేదు. పోలేదన్నాను. ఆయన ఊపిరి వదిలాడు. అక్క పోయినందుకు కాదు, ఆ తిండి పోనందుకు. పరుగున పోయి డాక్టరమ్మకు చెప్పాను. పిచ్చి పట్టిందేమో చూడమన్నాను. నాకు తోచింది అంతే.

జోగయ్య చెప్పింది

డాక్టరమ్మ వచ్చి ఆయన మంచం పక్కన గచ్చు మీద కూర్చుంది. ఆ కిట్టుతో కింద కూర్చోవడం కష్టం. ఆమె కూర్చోవడం చూసి ఆయన కంగారుపడి లేచాడు.

"కూర్చో పెద్దాయనా. మీ అక్క ఎందుకు తినలేదు? నీకు తెలుసా?"

ఆయన తలుపు దగ్గరున్న సూపర్వైజర్ సారు వైపు చూశాడు. డాక్టరమ్మ ఆ సారును బయటికి పంపింది.

"కేసు పెడతరా అమ్మా?"

"దేనికి?"

"పండుగ మాట చెప్తే."

"ఎవరూ పెట్టరు. నేనున్న. చెప్పు."

"మా ఊర్ల మామిడికి పండుగ కాలె అమ్మా. పండుగ కాంది మేం ముట్టం. కాయైనా ముట్టం, పండైనా ముట్టం. ముందల పోయినోళ్ళకు పెట్టాలె. వాళ్ళు తిన్నంక మేం తినాలె. ఆ పండుగ చేసేటోణ్ణి నేనే. నేనే గిట్ల తింటే ఊరు ఊరంతా ఏమైతది? మా అక్క పూజారింటి ఆడిబిడ్డ. ఆమె ఎట్ల తింటది?"

వెంకటనర్సయ్య ఒళ్ళో సగం తిన్న పొట్లం ఉంది. చెయ్యి అందులోనే ఆగిపోయింది.

ముప్ఫై ఏళ్ళకు పైగా ఆ ఊళ్ళకు కాన్పులకు పోయినదాన్ని. వాళ్ళ పిల్లల్ని ఈ చేతులతో అందుకున్నాను. వాళ్ళ ఇంట్లో జొన్నపిండితో కాచిన గటక తాగాను. వాళ్ళు మామిడికాయ ఎప్పుడు కొరుకుతారో నాకు తెలియదు. ప్రతి ఏడూ కాయ ముదరకముందే ఆ పండుగ అయిపోయేది, కాబట్టి ఎవరి కంటా పడలేదు. ఆ ఏడు మైకు వచ్చి ఆపింది. ఆపిన సంగతి మైకు వాళ్ళకూ తెలియదు, పప్పు పంపిన దాతకూ తెలియదు.

ఉండబట్టలేక అడిగాను. "నాకన్న చెప్పొచ్చు గద తాతా. రోజు నీ పక్కనే ఉంటి."

"నీకు మొహమేది బిడ్డా?" అన్నాడు. కోపం లేదు ఆ గొంతులో. "అందరు ఒక్కతీరే ఉన్నరు. ఒకాయన కేసన్నడు. ఆ కేసన్నోడు ఎవరో, నువ్వెవరో నేనెట్ల పోల్చుకోవాలె? ఎవరికి చెప్పాలె?"

డాక్టరమ్మ అద్దం లోపల ఆవిరి పట్టింది. ఏడుస్తోందని అప్పుడు తెలిసింది. తర్వాత నేను వరండాలో ఆమెను అడిగాను, ఆకలితోనే పోయిందా అమ్మా అని. ఆమె అబద్ధం చెప్పే మనిషి కాదు. "రోగం కొంత, ఆకలి కొంత మార్తమ్మా. ఏది ఎంతో నేను చెప్పలేను. ఇంక ఎవరూ చెప్పలేరు" అంది.

నా చెయ్యి మాత్రం నాకు చెబుతూనే ఉంది. ఆమె పెదవికి పప్పు అంటించింది ఈ చెయ్యే. అది తిట్టు కాదు, తన పెద్దలకు ఏదో చెప్పుకుని ఉంటుంది.

వెంకటనర్సయ్య పొట్లం మూసేశాడు. "ఆయమ్మా, రేపటిసంది నాకు గూడ వేరే ఏదన్న పెట్టు" అన్నాడు. అంతే.

కిటికీ బయట

ఆ పూటే డాక్టరమ్మ టౌనుకు ఫోన్ చేసింది, అడవి ఊళ్ళ వాళ్ళకు మామిడి లేని తిండి పంపమని. వ్యాను మాట వ్యానుదే, మరునాడూ అదే పప్పు వచ్చింది. నేను వరండాలో మూడు రాళ్ళు పెట్టి జొన్న గటక కాచాను, పక్కన ఉల్లిపాయ, ఉప్పు. జోగయ్య గిన్నె రెండు చేతులతో పట్టుకుని తాగాడు. తాగుతూ ఒకసారి ఆడవాళ్ళ హాలు గోడ వైపు చూశాడు. ఇంకా ఎవరన్నా ఉన్నారేమోనని ఆ హాలుకు పరుగెత్తాను. ఇంకొకామె ఉంది, వేరే గూడెం ఆమె. వాళ్ళ ఊళ్ళోనూ పండుగ కాలేదు. ఎవరూ అడగలేదు గనక చెప్పలేదంది. ఆమె అరటిపండ్ల మీద బతికింది. నోట్లో పళ్ళున్నాయి గనక గుడ్లు తిన్నది. మన చలవ ఏమీ లేదు.

తెల్లారి నుంచి నేను ఒక పని మొదలుపెట్టాను. డ్యూటీ ఎక్కే ముందు, కిట్టు తొడగకముందు, కిటికీ బయట దూరంగా చెట్టు కింద నిలబడి మాస్కు తీసేదాన్ని. "నేను మార్తమ్మను. ఇగో నా మొహం. లోపలికి వచ్చినంక ఎర్రగుడ్డ కట్టుకున్నది నేనే" అని అరిచేదాన్ని. చేతికి ఎర్రగుడ్డ కట్టుకుని లోపలికి వెళ్ళేదాన్ని. ముసలివాళ్ళు కిటికీ దగ్గరకు వచ్చి చూసేవాళ్ళు. మొదటి రోజు వెంకటనర్సయ్య, "ఇంత మొహానికేనా ఇన్నాళ్ళు దాచింది?" అన్నాడు. జోగయ్య నవ్వాడు. అక్క పోయాక అదే మొదటిసారి.

సూపర్వైజర్ సారు మాస్కు తీసినందుకు గొడవ చేశాడు. చెట్లకు అంటదు సారూ అన్నాను. ఆయన్ను నేను చెడ్డవాడని అనను. ఆయనా భయపడ్డాడు, వాళ్ళమ్మ కూడా మంచాన ఉందట ఆ రోజుల్లో. కానీ గేటు దగ్గర ఆయన అన్న ఒక్క మాట లోపల ఎంతమంది నోళ్ళు కట్టేసిందో ఆయనకు ఇప్పటికీ తెలియదు. రోగిని అడిగే మొదటి మాట బెదిరింపు అయితే, ఆ తర్వాత ఎంత మంచిగా అడిగినా నిజం రాదు.

ఎర్రగుడ్డ కట్టాక మాటలు వచ్చాయి. ఒకామె కర్ర అడిగింది, కడిగి ఇచ్చాం. ఫ్యాన్ భయం ఆమెను గోడ పక్కకు మార్చాం. కింద పడుకుంటానన్న వాళ్ళకు గచ్చు మీదే పరుపు వేశాం. సూర్యుడు ఎటు పొడుస్తాడో చూపించాం. ఇవేవీ మందులు కావు. ఇవి చేయడానికి డబ్బు పట్టలేదు, హుకుం పట్టలేదు. ముందే ఎందుకు చేయలేదు అని నన్ను అడగకండి. నేను నన్ను అడుగుతూనే ఉన్నాను.

ముసలివాళ్ళకు ఊపిరి ఆడితే బతికినట్టే అని ఎవరన్నా అంటే నమ్మకండి. ఏం తింటావు, ఎట్ల తింటావు, ఎవరి తర్వాత తింటావు. ఈ మూడూ అడగండి. పళ్ళెం ముట్టలేదంటే ఆకలి లేదనుకోకండి. ఆకలి చంపుకోవడానికి ముసలివాళ్ళ దగ్గర మనకు తెలియని కారణాలు చాలా ఉంటాయి.

రాలిన కాయలు

తొలకరి పడుతున్నప్పుడు జోగయ్యను ఇంటికి పంపాం. వ్యానులో నేనే దింపడానికి వెళ్ళాను. ఊరు రాకముందే వాసన వచ్చింది. పులిసిన వాసన. ఊరి చుట్టూ ఉన్న మామిడిచెట్ల కింద నేల కనపడలేదు. పండ్లు, కుళ్ళిన పండ్లు, వాటి మీద ఈగలు, కందిరీగలు. ఎవరూ ఏరలేదు. చిన్నపిల్లలు కూడా ఏరలేదు. చెట్లకింద పశువుల అడుగులే ఉన్నాయి. ఊరంతా ఆయన కోసం ఆగింది. అంత పేదూరు, పని లేని ఎండాకాలం, తిండికి కటకటలాడిన రోజులు. కళ్ళముందు రాలిపోతున్నదాన్ని ముట్టకుండా కూర్చున్నారు. ముత్తమ్మ ఒక్కతే అనుకున్నాను అప్పటిదాకా.

జోగయ్య చెట్లన్నీ తిరిగి చూశాడు. వాగు పక్కన ఒక నాటుచెట్టుకు, చివరి కొమ్మల్లో కాసిని కాయలు మిగిలాయి. ఆగి కాసే చెట్టు అట. "ఉన్నయి" అన్నాడు, అంతే.

పండుగకు నన్ను రమ్మన్నాడు. డాక్టరమ్మ, గుంపు కాకుండా దూరం దూరం నిలబడి చేసుకోండి, ఎవరన్నా అడిగితే నా పేరు చెప్పండి అంది. నేను ఏసుప్రభువును నమ్ముకున్నదాన్ని. దేవతలకు పెట్టింది తినకూడదని మా పాస్టరుగారు చెబుతారు. పోవాలా వద్దా అని ఆలోచించాను. పోకుండా ఉండలేకపోయాను.

వాగు ఒడ్డున ఆకులు పరిచారు. ఒక్కో ఆకులో కాయ ముక్కలు, ఇంత అన్నం. జోగయ్య పోయినవాళ్ళను పేరుపేరునా పిలిచాడు, కోయమాటలో. నాకు పేర్లు తప్ప ఏమీ అర్థం కాలేదు. తాతలు, ముత్తాతలు. ముందు వరసలో అన్నిటికన్నా పెద్ద ఆకు ఒకటి ఖాళీగా ఉంది. కొత్తగా పోయినవాళ్ళది అది. ఆయన దాని ముందు కూర్చుని, కాయను సన్నగా, పళ్ళు లేనివాళ్ళకు కోసినట్టు కోసి పెట్టాడు. ముత్తమ్మా అని పిలిచాడు. ఊరంతా చేతులు కట్టుకుని నిలబడింది. పిల్లలు కాయ వంక చూస్తున్నారు, ఎవరూ కదలడం లేదు.

తర్వాత ఆయన లేచాడు. ఒక ముక్క తీసుకుని ముందు నా దగ్గరకు వచ్చాడు. నా కోసమని తెలుగులో అన్నాడు.

"మా అక్క తిన్నది బిడ్డా. ఇంక నువ్వు తిను."

నేను మాస్కు తీసి తిన్నాను.